ఇంగ్లండ్‌లో కొత్తగా దిగిన గోదావరి పిల్లలకి: ఇంగ్లీషులో ‘ఉంటుంది’, ‘ఉండాలి’ల సంగతి

సిమ్ కార్డు ఎక్కడ కొనాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, సోనామసూరి ఏ కొట్లో దొరుకుతుంది లాంటివి మీకంటే ముందు దిగిన రూమ్మేట్లు చెప్తారు. అవన్నీ వదిలేద్దాం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. ఎదురుగా ఉన్నదాని గురించి చెప్పమంటే గడగడా చెప్పేస్తారు. ఉందో లేదో తెలియనిది, ఉంటుందని అనుకున్నది, ఉండాల్సింది లేనిది, వీటి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడే తడబాటంతా. తీరా చూస్తే ఇంటి ఓనరుతోనూ ఆఫీసులోనూ మాట్లాడేదాంట్లో సగం ఇదే.

నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పాయ వశిష్ఠని దాటించే పంటు (బల్లకట్టు లాంటి పడవ) సంగతి తీసుకోండి. ‘అవతలికెళ్లడానికి పంటు ఉంటుంది’ అంటే ఎప్పుడూ ఉండే ఏర్పాటు. ‘రేపు పొద్దున్న పంటు ఉంటుంది’ అంటే రాబోయేది. ‘పంటు ఈపాటికి అవతలి ఒడ్డున ఉంటుంది’ అంటే ఊహ. మనకి మూడింటికీ ఒకే ‘ఉంటుంది’ సరిపోయింది. ఇంగ్లీషులో మొదటిది ‘దేర్ ఈజ్ ఎ ఫెర్రీ’. రెండోది ‘దేర్ విల్ బీ ఎ ఫెర్రీ టుమారో’. మూడోదాంట్లో ఏ పంటో ఇద్దరికీ తెలుసు కాబట్టి అసలు ‘దేర్’తో మొదలుపెట్టరు. ‘ది ఫెర్రీ షుడ్ బీ ఆన్ ది అదర్ సైడ్ బై నౌ’ అంటారు. మనవాళ్లు మూడుచోట్లా ‘విల్ బీ’ పడేస్తారు. ‘ఇన్ అవర్ విలేజ్ దేర్ విల్ బీ ఎ కెనాల్’ అంటే వినేవాడు పాపం కాలువ ఇంకా తవ్వబోతున్నారనుకుంటాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయిందండీ బాబూ. మీ ఊళ్లో కాలువ ఉంది, ‘దేర్ ఈజ్’ అనండి.

ఇది చిన్న రోగమే. పెద్దది ‘వుడ్’.

‘విల్’ అంటే మొరటుగా ఉంటుందని, ‘వుడ్’ అంటే మర్యాదని చాలామందికి బళ్లోనే తలకెక్కింది. ‘వుడ్ యూ లైక్ సమ్ టీ’ వరకూ అది నిజమే. ఆ మర్యాద తీసుకెళ్లి ‘దేర్ వుడ్ బీ ఎ మీటింగ్ టుమారో ఎట్ టెన్’ అని మెయిలు కొడితే చదివినవాడు ‘ఇఫ్’ ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. ఏదో జరిగితే మీటింగు ఉంటుంది, జరక్కపోతే లేదు అని వాడికి అర్థమవుతుంది. కొందరు ‘మీటింగు ఉందా లేదా’ అని తిరిగి అడుగుతారు. అడగని వాళ్లు రారు. తర్వాత ‘మెయిలు పెట్టాను కదా’ అని మీరు, ‘ఖాయమని చెప్పలేదు కదా’ అని వాళ్లు. ఈ ఒక్క మాట వల్ల మనిషి నమ్మకంగా చెప్పట్లేదేమో అన్న పేరు వచ్చేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే రాస్తారు కనక ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాల్సి వస్తోంది.

‘వుడ్’ రాసేముందు ఆ వాక్యానికి తెలుగులో ‘ఒకవేళ’ తగిలించి చూడండి. ‘ఒకవేళ రేపు పదింటికి మీటింగుంది’ అంటే అతకదు. అతకలేదంటే ‘విల్ బీ’, లేదా ఉత్త ‘ఈజ్’. ‘ఒకవేళ నేను కారు కొంటే పెట్టుకోడానికి చోటుంటుందా’ అనేది అతికింది. అక్కడ ‘వుడ్’ రావాలి: ‘ఇఫ్ ఐ బాట్ ఎ కార్, వుడ్ దేర్ బీ స్పేస్ టు పార్క్ ఇట్?’ చూశారుగా, ‘వుడ్’ ఉన్నది రెండో సగంలో. ‘ఇఫ్’ ఉన్న సగంలో పెట్టకూడదు. ‘ఇఫ్ దేర్ వుడ్ బీ ఎనీ ప్రాబ్లం, కాల్ మీ’ అని మనవాళ్లు రోజూ రాస్తారు. సమస్య నిజంగా వచ్చే వీలుంటే ‘ఇఫ్ దేర్ ఈజ్ ఎనీ ప్రాబ్లం’. ఉత్త ఊహ అయితే ‘ఇఫ్ దేర్ వర్’. ఇంటర్వ్యూలో ‘ఇఫ్ దేర్ వర్ ఎ ఫైర్, వాట్ వుడ్ యూ డూ’ అని అడిగితే జవాబు కూడా ‘ఐ వుడ్’ అనే మొదలవ్వాలి.

జరిగిపోయినదాన్ని తిరగేసి ఊహించేటప్పుడు ‘హాడ్ బీన్’ కావాలి. కాటన్ దొర ఆనకట్ట కట్టి ఉండకపోతే డెల్టాలో ఈరోజు ఇంత వరి ఉండేది కాదు అనాలంటే, ‘ఇఫ్ దేర్ హాడ్ బీన్ నో ఆనకట్ట, దేర్ వుడ్ నాట్ బీ సో మచ్ పాడీ టుడే’. కానీ ప్రతి ‘ఉండేది’కీ ‘వుడ్’ కాదు. ‘మా పెరట్లో నుయ్యి ఉండేది’ అంటే ‘దేర్ యూజ్డ్ టు బీ ఎ వెల్’. పాత రోజుల్లో మళ్లీమళ్లీ చేసిన పనులకి ‘వుడ్’ నడుస్తుంది, ఒకచోట నిలిచి ఉన్న నూతికి నడవదు.

ఇక ‘ఉండాలి’. ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో జనం ఉండే ప్రతి అంతస్తులోనూ కనీసం ఒక స్మోక్ అలారం ఉండాలి. ఇది చట్టం, కాబట్టి ‘దేర్ హాజ్ టు బీ’. గోడ తడిసింది, లోపల ఎక్కడో పైపు కారుతూ ఉండాలి. ఇది లెక్కకట్టి చెప్పిన ఊహ, ‘దేర్ మస్ట్ బీ ఎ లీక్’. డ్రాయర్లో మీటరు తాళంచెవి ఉండాలి, చూడండి. ఇది ఎదురుచూపు, ‘దేర్ షుడ్ బీ ఎ కీ ఇన్ ది డ్రాయర్’.

ఫిర్యాదుకి ఈ మూడింటికంటే బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది. రెండు తాళంచెవులు ఇస్తామన్నారు, కవర్లో ఒకటే ఉంది. ‘దేర్ మస్ట్ బీ టూ కీస్’ అని ఫోన్లో అంటే ఏజెంటు ‘ఔను, ఉండే ఉంటాయి, మళ్లీ చూడండి’ అని పెట్టేస్తాడు. అతని తప్పు లేదు, మీరు ఊహ చెప్పినట్టే వినిపించింది. అనాల్సింది: ‘దేర్ ఆర్ సపోజ్డ్ టు బీ టూ కీస్, బట్ దేర్ ఈజ్ ఓన్లీ ఒన్.’ మాట కఠినంగా లేదు, గొడవ లేదు, లోటు మాత్రం స్పష్టంగా తెలిసింది. నిన్న రావాల్సిన మనిషి రాలేదంటే ‘దేర్ వజ్ సపోజ్డ్ టు బీ సమ్‌వన్ హియర్ యెస్టర్‌డే’.

లేదని చెప్పడంలో ఒక గొయ్యి ఉంది. ‘మస్ట్ బీ’ అన్న ఊహకి ఎదురు ‘కాంట్ బీ’. ‘దేర్ కాంట్ బీ ఎ లీక్’ అంటే లీకు ఉండే అవకాశమే లేదని. ‘దేర్ మస్ట్ నాట్ బీ’ అంటే ఉండకూడదన్న ఆజ్ఞ అయిపోతుంది. ఉండకపోవచ్చు అనడానికి ‘దేర్ మైట్ నాట్ బీ’ చాలు. గ్యాసు వాసన వస్తే మాత్రం ఈ మైట్‌లూ మస్ట్‌లూ వెతుక్కోకండి. ‘ఐ కెన్ స్మెల్ గ్యాస్’ అని చెప్పి బయటికి నడవండి.

అద్దె ఒప్పందంలో ‘షుడ్ దేర్ బీ ఎనీ డామేజ్’ అని కనబడితే కంగారొద్దు. డామేజీ ఉండాలని కాదు, ఉన్నట్లయితే అని. ‘ఇఫ్’ మింగేసి ‘షుడ్’ని ముందుకి తెచ్చారంతే. ‘హాడ్ దేర్ బీన్’ కూడా అంతే.

‘దేర్’ వదిలేసి ‘ఇన్ రూమ్ షుడ్ బీ హీటర్’ అనకండి. ‘దేర్ షుడ్ హావ్ ఎ హీటర్’ అసలు అనకండి. ‘దేర్ షుడ్’ తర్వాత ‘హావ్’ వస్తే వెంట ‘బీన్’ ఉండాల్సిందే.

సరే, అంతా చెప్పాక ఇది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాం. ‘షుడ్, మస్ట్, మైట్, వుడ్’ ఏది వాడినా ఆ పక్కన ‘బీ’ మారదు, వస్తువు ఒకటైనా వందైనా. ఒకటా రెండా అని చూసుకోవాల్సింది ‘ఈజ్ సపోజ్డ్, ఆర్ సపోజ్డ్’, ‘హాజ్ టు, హావ్ టు’ లాంటి వాటి దగ్గరే. మాటల్లో తప్పు దొర్లినా ఎదుటివాళ్లు చాలావరకూ సర్దుకుంటారు, మరేం ఫర్వాలేదండి. రాతలో మాత్రం సర్దుకోరు. మెయిలు పంపేముందు కంట్రోల్ ఎఫ్ నొక్కి, ‘వుడ్’ ఎన్నిచోట్ల పడిందో చూసి, ‘వుడ్ యూ లైక్’ లాంటి మర్యాదలూ పాత అలవాట్ల ‘వుడ్’లూ వదిలేసి, మిగతావాటిలో ‘ఒకవేళ’ అతకని చోటల్లా ‘విల్’ చేసి అప్పుడు పంపండి.