పత్తి కొనుగోళ్లకు ముందు టేబుళ్లు విడగొడుతున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

దసరా దాటితే ఒడిశాలోని గుణుపురం, రాయగడ వైపు పత్తి బండ్లు మొదలవుతాయి. కాటా లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఒకే పెద్ద టేబుల్‌లో నడుపుతున్నవారు దాన్ని నార్మలైజ్ చేయాలనుకుంటే, అంటే ఒకే వివరం పదే పదే రాకుండా చిన్న టేబుళ్లుగా విడగొట్టాలనుకుంటే, ఆ పని ఇప్పుడే ముగించండి. బండ్లు బారులు తీరాక టేబుళ్ల జోలికి వెళ్లవద్దు.

ముందు పాత ఫైలుకు నకలు తీసి వేరే కంప్యూటర్‌లో దాచండి. తర్వాత ఒక కాగితం మీద ఫంక్షనల్ డిపెండెన్సీలు, అంటే ఏది తెలిస్తే ఏది తెలుస్తుందో, రాయండి. చీటీ నంబరు తెలిస్తే రైతు, తేదీ, పత్తి రకం, తూకం తెలుస్తాయి. రైతు కోడ్ తెలిస్తే పేరు, ఊరు, ఫోను తెలుస్తాయి. ఇంతవరకు తేలికే. తప్పులు దొర్లేది ధర దగ్గర.

నిరుటి చీటీల్లో ఒక వారం తిరగేస్తే ఒక్కో రకానికి ఒకే ధర కనిపించవచ్చు. అది చూసి ‘రకాన్ని బట్టి ధర’ అని రాసుకుని, ధరను రకాల టేబుల్‌లో పెట్టారో, కొంప మునిగినట్టే. నిన్న క్వింటాలు 7,000 అనుకోండి. ఇవాళ అక్కడ 7,200 అని దిద్దగానే నిన్నటి చీటీలూ కొత్త ధరతోనే లెక్క కడతాయి. పది క్వింటాళ్లకు 70,000 తీసుకుని వెళ్లిన రైతుకు ఇంకా 2,000 బాకీ చూపిస్తాయి. ధర రకాన్నీ తేదీనీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. తేమ చూసి రైతు రైతుకూ వేరుగా బేరం కుదిరే చోట అదీ నిలవదు. అక్కడ ధర చీటీలోనే ఉండాలి. డిపెండెన్సీ అంటే వ్యాపారం నడిచే నియమం. పాత డేటా ఒక నియమాన్ని తప్పని తేల్చగలదు, నిజమని తేల్చలేదు. అందుకే ప్రతి డిపెండెన్సీనీ కాటా గుమస్తాకు చదివి వినిపించి, ‘ఎప్పుడైనా ఇలా కాకుండా జరుగుతుందా?’ అని అడగండి.

ఊళ్ల విషయంలో మన సరిహద్దు జిల్లాల్లో మరింత మెలకువ కావాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి. ఒకే ఊరిని తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా రాస్తారు. పర్లాకిమిడి, పారలాఖెముండి ఒకటేనని కంప్యూటర్‌కు తెలియదు. ఊరికి కోడ్ ఇచ్చి, బ్లాకు, జిల్లా ఆ కోడ్ పక్కనే ఉంచండి. 1992లో కొరాపుట్ నుంచి రాయగడ, గంజాం నుంచి గజపతి విడిపోయాయి. అలాంటి మార్పు మళ్లీ వస్తే ఊరికి ఒక్క వరుస దిద్దితే చాలు, వేల చీటీలు వెతకనక్కర్లేదు.

విడగొట్టిన టేబుళ్లను కలిపితే పాత టేబుల్ ఉన్నది ఉన్నట్టు రావాలి. అలా రావాలంటే రెండింటిలో ఉమ్మడిగా ఉన్న కాలమ్ కనీసం ఒకదానికి కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే కాలమ్) కావాలి. చీటీ, ఊరు ఒక టేబుల్‌లో, ఊరు, రైతు ఇంకో టేబుల్‌లో పెట్టారనుకోండి. ఒకే ఊరి ఇద్దరు రైతులకు చెరో చీటీ ఉంటే, కలిపినప్పుడు రెండు వరుసలకు నాలుగు వస్తాయి. ఎవరి పత్తి ఎవరిదో ఇక తేలదు.

1971లో డేటాబేస్ శాస్త్రవేత్త కాడ్ చెప్పిన థర్డ్ నార్మల్ ఫారం (నార్మలైజ్ చేయడంలో మూడో మెట్టు) దగ్గర ఆగితే ఈ పనికి చాలు. అంతకన్నా కఠినమైన బాయిస్-కాడ్ నార్మల్ ఫారం దాకా వెళ్తే కొన్ని డిపెండెన్సీలు ఏ ఒక్క టేబుల్‌లోనూ మిగలకపోవచ్చు. వాటిని సరిచూడాలంటే ప్రతిసారీ టేబుళ్లు కలపాలి. రద్దీ రోజున ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

చివరగా నిరుటి చీటీలన్నీ కొత్త టేబుళ్లలోకి ఎక్కించి, రైతువారీ మొత్తాలను పాత ఫైలుతో పోల్చండి. ఒక్క రైతు లెక్కలో తేడా వచ్చి, కారణం దొరకకపోయినా ఈ సీజను పాత ఫైలుతోనే నడపండి.