ట్యాంకర్ ఎక్కే ముందు దాని జాతకం చూసుకోండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్ళు షిప్పుల్లోకి వెళ్ళడం కొత్తేం కాదు, కానీ ఏజెంట్ జీతం చెప్పగానే బ్యాగు సర్దేస్తారు గాని ఆ ఓడ ఎన్నేళ్ళది, ఏ జెండా (అంటే ఏ దేశంలో రిజిస్టర్ అయింది), లోపాలున్నాయని ఏ పోర్టులో ఆపేశారు అని అడిగేవాళ్ళు తక్కువ. ట్యాంకరైతే మరీ అడగాలి తమ్ముళ్ళూ, కింద ఉన్నది క్రూడో (ముడి చమురు) కెమికలో. ఇదంతా ఇంట్లో కూర్చుని ఫోన్లో ఫ్రీగా చూసుకోవచ్చు.

మొదట ఏజెంట్. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్, షిప్పుల్లో ఉద్యోగాలు పెట్టించే ఏజెంట్లకి ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉందా లేదా వాళ్ళ సైట్‌లోనే చూడండి. ఉద్యోగం పెట్టించడానికి మీ దగ్గర డబ్బు తీసుకోవడం రూల్స్ ప్రకారం తప్పు, లక్షలు అడిగాడంటే అక్కడితో ఆపేయండి, మామయ్య స్నేహితుడైనా సరే.

తర్వాత ఓడ ఐఎంఓ నంబర్ అడగండి, పేరు కాదు. పేరు మారుస్తారు, జెండా మారుస్తారు, 7 అంకెల ఈ నంబర్ మాత్రం ఓడ తుక్కుకి పోయేదాకా అదే. దొంగ నంబరేమో అని చిన్న లెక్క వేసుకోవచ్చు. 9074729 అనుకోండి, మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 63, 0, 35, 16, 21, 4. కూడితే 139, చివర 9, నంబర్ చివరా 9. కలవకపోతే ఆ నంబర్ తప్పు. కలిసినంత మాత్రాన ఓడ మంచిదనీ కాదు, నంబర్ ఆ ఓడదేననీ కాదు, లెక్కకి సరిపోయిందని మాత్రమే.

ఇప్పుడు ఓడల రికార్డులుండే ఈక్వాసిస్ సైట్‌లో ఫ్రీగా రిజిస్టర్ అయ్యి ఆ నంబర్ కొట్టండి. కట్టిన సంవత్సరం, జెండా, కంపెనీ, క్లాస్ (ఓడ పరిస్థితి చూసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ), పాత పేర్లు, ఏ పోర్టులో ఎప్పుడు తనిఖీ అయింది, ఎన్ని లోపాలు దొరికాయి, డిటెన్షన్ (లోపాల వల్ల పోర్టులో ఆపేయడం) ఉందా, అన్నీ వస్తాయి. యూరప్ పోర్టులు కూడా ఇంచుమించు ఇవే చూసి లెక్క కడతాయి: ఓడ రకం, 12 ఏళ్ళు దాటిందా, జెండా రికార్డు, క్లాస్, కంపెనీ, గత 36 నెలల్లో లోపాలు, డిటెన్షన్లు. హై రిస్క్ అని తేలితే 5, 6 నెలలకోసారి తనిఖీకి ఎక్కుతారు, లో రిస్క్ అయితే 24 నుంచి 36 నెలలు. అక్కడ 12 ఏళ్ళు దాటిన ట్యాంకర్‌కి మామూలు తనిఖీ కాదు, బాగా లోతుగా చేస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా కంపెనీనే ముందు చూడండి, ఓడ మెరుస్తున్నా అదే కంపెనీ మిగతా ఓడలు నాలుగు చోట్ల పట్టుబడ్డాయంటే రేపు మీ ఓడకీ స్పేర్ పార్ట్స్ రావు. రెండేళ్ళలో మూడు పేర్లు, మూడు జెండాలు మారిందా, వదిలేయండి. 2023 మే 1న మలేషియా దగ్గర పేలిపోయిన పాబ్లో ట్యాంకర్ 1997లో కట్టింది, గాబన్ జెండా, 28 మందిలో ముగ్గురు దొరకలేదు.

ఇక ఓడ ఎక్కాక. పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్, అంటే ఓడ ఆగిన దేశపు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్, చెప్పి రాడు. ముందు సర్టిఫికెట్లు చూస్తాడు, తర్వాత డెక్ మీద, ఇంజన్ రూమ్‌లో ఒక రౌండ్, ఏదైనా తేడా కనపడితే ఇంక వదలడు. ఎమర్జెన్సీ ఫైర్ పంప్ స్టార్ట్ చెయ్యమంటాడు, లైఫ్‌బోట్ చూపించమంటాడు, ఆయిల్ రికార్డ్ బుక్‌లో రాసిందీ ట్యాంక్‌లో ఉన్నదీ సరిపోయాయా చూస్తాడు, సముద్రంలోకి వదిలే నీళ్ళ నుంచి నూనె వేరుచేసే సెపరేటర్ అలారం, నీళ్ళలో నూనె 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) దగ్గర మోగుతుందా లేదా అని టెస్ట్ చేయిస్తాడు. క్రూడ్ ట్యాంకుల్లో ఇనర్ట్ గ్యాస్ (మంట అంటుకోకుండా నింపే గ్యాస్) ఉంచినప్పుడు ఆక్సిజన్ 8 శాతం దాటకూడదు, ఆ మీటర్ సరిగ్గా చూపిస్తుందా అన్నది కూడా అడుగుతాడు. పెద్ద లోపమైతే రిపోర్టులో కోడ్ 30 వేస్తాడు, అంటే ఓడ కదలదు. 17 పడితే బయల్దేరేలోగా సరిచెయ్యాలి.

సైర్ తనిఖీ వేరే, అది ప్రభుత్వానిది కాదు, సరుకు ఎక్కించే ఆయిల్ కంపెనీల కోసం. 2024 సెప్టెంబర్ నుంచి సైర్ 2.0 వచ్చింది, ఇన్‌స్పెక్టర్ ట్యాబ్ పట్టుకుని కెప్టెన్‌నే కాదు పంప్‌మ్యాన్‌ని, ఓఎస్‌ని (డెక్ మీద కింది స్థాయి నావికుణ్ణి) కూడా పని చేస్తున్న చోటే నిలబెట్టి అడుగుతాడు. బట్టీ పట్టకండి. మీ పని మీ మాటల్లో చెప్పండి, ఇంగ్లీష్ తడబడినా ఫర్వాలేదు. తెలీకపోతే మా ఆఫీసర్ని అడిగి చేస్తానని చెప్పండి, అది తప్పు సమాధానం కాదు, కల్పించి చెప్పడమే తప్పు.

రెస్ట్ అవర్స్ షీట్ ఇంకోటి. 24 గంటల్లో 10, వారంలో 77 గంటల విశ్రాంతి ఉండాలి. ఎవరో ముందే నింపేసిన షీట్‌లో సంతకం పెట్టకండి, రాత్రి ట్యాంక్ క్లీనింగ్ చేసినట్టు ఇంకో బుక్‌లో ఉంటే ఇన్‌స్పెక్టర్ రెండూ పక్కపక్కన పెట్టి మిమ్మల్నే అడుగుతాడు.

జీతం రెండు నెలలు రాకపోతే ఓడ ఓనర్ మిమ్మల్ని వదిలేసినట్టే లెక్క, దానికి ఇన్సూరెన్స్ ఉంది, ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనపడేలా అంటించి ఉండాలి. ఎక్కిన రోజే దాన్ని ఫోటో తీసి కాంట్రాక్ట్ కాపీతో కలిపి ఇంటికి వాట్సాప్‌లో పంపేయండి. మీరు ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్టర్ మీ పేరు కెప్టెన్‌కి చెప్పకూడదు, ఆ ధైర్యం మాత్రం పెట్టుకోండి.