సర్వర్ బ్యాకప్‌లను ఎన్నాళ్లు దాచాలి? లెక్క వేసే పద్ధతి

చాలా కార్యాలయాల్లో ఈ నిర్ణయాన్ని డిస్కే తీసుకుంటుంది. అది నిండితే పాతవి తీసేస్తారు, నిండకపోతే ఉంచుతారు. కానీ సమాచార నష్టానికి రెండు తేదీలుంటాయి: అది జరిగిన రోజు, మనకు తెలిసిన రోజు. ఏప్రిల్‌లో పొరపాటున చెరిగిపోయిన బిల్లుల సంగతి సెప్టెంబరులో ఆడిటర్ అడిగేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. అప్పటికి చేతిలో 30 రోజుల బ్యాకప్‌లే ఉంటే, వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఆ బిల్లులుండవు. అందుకే లెక్కను ఆ రెండు తేదీల మధ్య దూరం నుంచి మొదలుపెట్టాలి.

1. సమాచారాన్ని విడగొట్టండి. డేటాబేస్, ఉద్యోగుల ఫైళ్లు, మెయిల్, లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే ఫైళ్లు), ఆపరేటింగ్ సిస్టమ్‌లను వేర్వేరుగా రాసుకోండి. ఒక్కోదాని ఎదుట రెండు ప్రశ్నలు: పోయిన సంగతి ఎంత ఆలస్యంగా తెలియవచ్చు? ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలం? ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చు కాబట్టి దానికి రెండు మూడు కాపీలు చాలు. ఖాతాల డేటాబేస్‌కు ఏడాదికి తగ్గకూడదు.

2. చట్టం అడిగేది చూడండి. భారత కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 128 ప్రకారం ఖాతా పుస్తకాలను 8 ఏళ్లు ఉంచాలి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉండాలి. అలాగని 8 ఏళ్ల రోజువారీ బ్యాకప్‌లు పోగు చేయనవసరం లేదు. మార్చి 31న ఖాతాలు ముగిశాక ఏటా ఒక ప్రతి తీసి, విడిగా భద్రపరచండి. ఎనిమిదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ దొరకకపోవచ్చు, కనుక మామూలు టెక్స్ట్ రూపంలోనూ ఒకటి ఉంచండి. వ్యక్తిగత సమాచారానికి మాత్రం దీనికి విరుద్ధమైన నియమం ఉంది. అవసరం తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, దాన్ని తొలగించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది.

3. అంచెలు నిర్ణయించండి. తాత, తండ్రి, కొడుకు అని పేరున్న పాత పద్ధతి ఇప్పటికీ ఉత్తమం: 7 రోజువారీ (కొడుకు), 4 వారపు (తండ్రి), 12 నెలవారీ (తాత) కాపీలు. 23 కాపీలతోనే ఏడాది వెనక్కి వెళ్లగలం.

4. చోటు లెక్క వేయండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సర్వర్‌లో 500 జీబీ ఉంది, రోజుకు 2 శాతం, అంటే 10 జీబీ, మారుతుంది అనుకుందాం. ఆదివారం పూర్తి బ్యాకప్, మిగతా ఆరు రోజులు ఇంక్రిమెంటల్ (ముందటి కాపీ తర్వాత మారినవి మాత్రమే) తీస్తే వారానికి 560 జీబీ, నాలుగు వారాలకు 2,240 జీబీ. అయితే శనివారపు ఇంక్రిమెంటల్ పనిచేయాలంటే దాని ముందరి ఆదివారం కాపీ ఉండితీరాలి. గొలుసు మొత్తం గడువు దాటేవరకు మొదటి కాపీని తీయలేం. కాబట్టి ఐదో వారాన్నీ కలిపి 2,800 జీబీ, దానిపై 12 నెలవారీ పూర్తి కాపీలకు 6,000 జీబీ, వెరసి 8.8 టీబీ. సమాచారం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంకో పావు వంతు ఖాళీ ఉంచుకోండి.

రెస్టిక్, బోర్గ్ వంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు మారిన ముక్కలనే దాస్తాయి కనుక వాటితో ఇందులో చాలా భాగం తగ్గుతుంది. వాటికి డేటాబేస్ డంప్‌ను (డేటాబేస్‌లోని సమాచారాన్ని ఫైలుగా తీసిన ప్రతిని) కుదించకుండా ఇవ్వండి. ముందే కుదిస్తే చిన్న మార్పుకే ఫైలంతా కొత్తదిగా కనిపిస్తుంది.

5. తొలగింపును జాగ్రత్తగా అమర్చండి. ‘7 రోజులు దాటినవి తీసెయ్’ అనే నియమం ప్రమాదకరం. బ్యాకప్ ఆగిపోయి, ఆ సంగతి ఎవరూ గమనించకపోతే, వారం తిరిగేసరికి ఒక్క కాపీ కూడా మిగలదు. ‘చివరి 7 మంచి కాపీలు ఉంచు’ అని రాయండి. రెస్టిక్‌లో ‘ఫర్గెట్’ ఆదేశం జాబితా నుంచి మాత్రమే తీస్తుంది, చోటు ఖాళీ అయ్యేది ‘ప్రూన్’ చేశాకే. కనీసం ఒక కాపీ వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో, సర్వర్ పాస్‌వర్డ్‌తో చెరపలేని విధంగా ఉండాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ చొరబడితే బ్యాకప్‌లనూ వదలదు.

6. తిరిగి తెచ్చి చూడండి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సేవలో ప్రధాన డేటాబేస్ పొరపాటున చెరిగింది. రోజువారీ డంప్‌ల కోసం వెతికితే ఏమీ లేవు. డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్‌తో సరిపోలక అది విఫలమవుతోంది, ఆ హెచ్చరిక మెయిళ్లేమో తిరస్కరణకు గురవుతున్నాయి. ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు చేత్తో తీసిన కాపీ ఉండబట్టి, ఆ ఆరు గంటల సమాచారం పోయినా, మిగతాది దక్కింది.

మూడు నెలలకోసారి సరికొత్త కాపీని, అన్నిటికన్నా పాత నెలవారీ కాపీని వేరే యంత్రంలో తెరిచి చూడండి, పట్టిన సమయం రాసిపెట్టండి. 500 జీబీని 100 ఎంబీపీఎస్ లైనులో తెచ్చుకోవడానికి 11 గంటలు దాటుతుంది. అంతసేపు పని ఆగడం కుదరకపోతే, ఇటీవలి వారం కాపీలను కార్యాలయంలోని డిస్కులోనూ ఉంచాలి.