కోట సున్నపురాయిలో చేప శిలాజాన్ని గుర్తుపట్టడం ఎలా

ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర కోట అనే ఊరుంది. అక్కడి జురాసిక్ కాలపు రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు, ఇవతల మన మంచిర్యాల వైపు కూడా అవే పొరలు కనిపిస్తాయి. వాటి మధ్యలో పలకలుగా విడిపోయే సున్నపురాయి ఉంటుంది, ఒకప్పటి మంచినీటి సరస్సు అడుగున పేరుకున్నది. ఇందులో చేపలున్నాయని 19వ శతాబ్దంలోనే తెలిసింది. ఇంట్లో పరిచిన తాండూరు బండల్లో మాత్రం చేప కోసం వెతక్కండి, అవి చేపలు పుట్టకముందు నాటివి.

ముందు రాయి ఏదో తేల్చుకోండి. విడిగా పడున్న ముక్కను కత్తి మొనతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే, సున్నపురాయి అయితే సన్నగా నురగ వస్తుంది. శిలాజం ఉన్న రాయి మీద మాత్రం ఏ యాసిడ్ చుక్కా వేయొద్దు.

తర్వాత చూడాల్సింది పగిలిన అంచుని కాదు, పలక వెడల్పాటి ముఖాన్ని. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే చిన్న ఎత్తుపల్లాలు కూడా నీడతో తేలిపోతాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చాలు. ఇక్కడి లెపిడోటిస్ లాంటి చేపల పొలుసులు బొచ్చె పొలుసులా పల్చగా, గుండ్రంగా ఉండవు. మందంగా, డైమండ్ ఆకారంలో, నిగనిగలాడుతూ వరసగా ఉంటాయి. ఆ మెరుపే అసలు గుర్తు, ఎందుకంటే వాటి మీద పంటి ఎనామిల్ లాంటి గట్టి పూత ఉంటుంది.

ఎక్కువమంది పొరపడేది నల్లటి చెట్టుకొమ్మల్లాంటి గీతల దగ్గర. అది మొక్క కాదు, పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిన మాంగనీస్. ఆకు అయితే నడిమి ఈనె ఉంటుంది, ఇది పగులు అంచు నుంచి మొదలై ఈనె లేకుండా చీలిపోతూ పోతుంది.

దొరికితే సుత్తి తీయకండి, దయచేసి. పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటో, ఫోన్‌లో లొకేషన్, పలక ఏ పొర నుంచి వచ్చింది, కింద పైన ఏ రాయి ఉంది, ఇవన్నీ అక్కడే రాసుకోండి. పొర తెలియకుండా ఇంటికి తెచ్చిన పలక ఎంత అందంగా ఉన్నా దాన్నుంచి చదవగలిగేది చాలా తక్కువ. వివరాలు హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకు పంపండి.

వెళ్లే వీల్లేకపోతే హైదరాబాద్‌లోనే బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లండి. ఇవే కోట పొరల్లో, యామన్‌పల్లి దగ్గర దొరికి 1988లో పేరు పెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంది.