డొక్క ఎముక విరిగింది, మాత్రలు వాడినా నొప్పి తగ్గట్లేదా?

పడుకుంటే బాగానే ఉంటాడు, మూడో రోజుకు జ్వరం, ఆయాసం

నెల్లూరు, ఒంగోలు ఎక్కడ చూసినా ఇదే వరస. "నొప్పి ఎట్టుండాది?" అని మంచం మీదున్న మనిషిని అడుగుతారు, "పర్లేదు" అంటాడు. కదలకుండా పడుకుంటే డొక్క నొప్పి తెలియదు మరి! గట్టిగా గాలి పీల్చి దగ్గమనండి. దగ్గు సగంలో ఆగిపోతే నొప్పి తగ్గనట్టే లెక్క. పైపైన ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకోదు, కఫం అక్కడే నిలిచి నిమ్ముకు దారితీస్తుంది.

అసలు దొంగ ఎక్కడంటే, "నొప్పొస్తే వేసుకో" అన్న మాటలో. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుని పడుకుంటారు. తెల్లారేసరికి మందు దిగిపోయి ఉంటుంది, లేవబోతే ప్రాణం పోతుంది. నొప్పి ముదిరాక వేసిన మాత్ర సరిగా పనిచేయదు. లివర్ బాగున్న పెద్దవాళ్లకు డోలో 650 (పారాసిటమాల్ మాత్ర) ఆరు గంటలకొకటి: ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 12. రాత్రి మాత్రకు అలారం పెట్టండి, నిద్ర చెడుతుందని మానొద్దు. డాక్టరు రాసిన వేరే నొప్పి మాత్రలోనూ పారాసిటమాల్ కలిసి ఉందేమో అట్ట వెనక చదవండి, ఉంటే రెండూ కలిపి లెక్కేయాలి.

మాత్ర వేసిన ముప్పావు గంటకు దిండు డొక్కకు గట్టిగా అదిమి పట్టి దగ్గించండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు మూడు బంతుల స్పైరోమీటరు (ఊపిరి కసరత్తుకు వాడే పరికరం) పీల్చాలి. దాన్ని బీరువా మీద పెట్టడానికి కొనలేదు కదా.

టైముకు వేసినా దగ్గలేకపోతున్నాడు

ఓర్చుకోమనకండి. నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగండి. మూడు, అంతకంటే ఎక్కువ ఎముకలు విరిగినా, వయసు 65 దాటినా ఇంట్లో పెట్టుకుని చూడొద్దు. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు, అల్సర్ ఉన్నవాళ్లకు సొంతంగా ఇవ్వొద్దు. డాక్టరు రాసే గట్టి నొప్పి మందు ట్రమడాల్‌తో మలబద్ధకం వస్తుంది, ముక్కితే డొక్క మళ్లీ పట్టేస్తుంది, విరేచనం మందు కూడా రాయించుకోండి.

కట్టు కడితే హాయిగా ఉంది

ఉంటుంది, ఊపిరి ఆడనివ్వదు కాబట్టి. చేతికి పుత్తూరు కట్టు వేరు, ఛాతీ చుట్టూ బిగించడం వేరు. విప్పేయండి.

మిగతావి

ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, కింది డొక్కల దెబ్బతో కళ్లు తిరిగి పొట్ట, ఎడమ భుజం నొప్పెట్టినా మాత్రలతో పని లేదు, 108.