చెన్నై బీచ్‌లో కుటుంబం ఫొటో, 4వ పాఠం: ఎవరు ఎటు తిరగాలి?

ఈసారి బట్టల గురించి చెబుతానన్నాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటి వచ్చిపడింది. పోయిన పాఠం చదివి బీచ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళ ఫొటోలు చూశాను. పొద్దున వెళ్ళినవాళ్ళ వెనక సముద్రం ధగధగలాడుతోంది, ముఖాలు మాత్రం ఎవరివో పోల్చుకోలేనంత నల్లగా ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళినవాళ్ళ ముఖాల నిండా వెలుతురే గానీ తాతయ్య దగ్గర్నుంచి చంటిదాని వరకూ అందరూ కళ్ళు చిట్లించారు. రెండిటికీ కారణం ఒకటే. గడియారం చూసుకుని వెళ్ళారు, సూర్యుడు ఏ పక్కనున్నాడో చూసుకోలేదు.

చెన్నైకి సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, ఊరి వెనక్కి దిగుతాడు. నీళ్ళలోకి దిగే ఎర్రటి సూర్యుడి ముందు నిలబడ్డ కుటుంబాల ఫొటోలు మీరు చూసి ఉంటే, అవి గోవా లాంటి పడమటి తీరాలవి. ‘సాయంత్రం సూర్యుణ్ణి వెనక పెట్టుకోండి’ అని అక్కడివాళ్ళు చెప్పేది మెరీనాలో పాటిస్తే మీ వెనక బీచ్ పక్క రోడ్డు కామరాజర్ సాలై వస్తుంది, సముద్రం రాదు.

కాబట్టి మన లెక్క ఇది. పొద్దున ముఖాలు సముద్రం వైపు. సాయంత్రం వీపులు సముద్రం వైపు.

పొద్దున అలా నిలబడితే ఫొటోలో సముద్రమే ఉండదు కదా అని అడుగుతారు. అందుకే నేను పొద్దున ఫొటో తీసేవాణ్ణి నీళ్ళకి ఎదురుగా నిలబెట్టను, ఒడ్డు వెంబడి నిలబెడతాను. అలల అంచు పొడుగ్గా సాగుతూ ఫొటోలో ఒక పక్కకి వస్తుంది. కుటుంబం సముద్రం వైపు సగం తిరుగుతుంది. ముఖాలకి ఒక పక్కనుంచి మెత్తటి వెలుతురు, రెండో పక్క కాస్త నీడ. నాకు అన్నిటికంటే ఇష్టమైన వెలుతురు ఇదే. జూన్ మొదట్లో 5:42కల్లా సూర్యోదయం అయిపోతుంది, జనవరి చివర్లో 6:35 దాకా కాదు. అప్పటినుంచి అరగంటే మీది.

సాయంత్రం సూర్యుడు దిగేదాకా ఆగండి. బెసంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌లో రోడ్డవతల భవనాలు దగ్గరగా ఉంటాయి. సూర్యుడు వాటి చాటుకి వెళ్ళాక కూడా పడమటి ఆకాశం వెలుగుతూనే ఉంటుంది. కళ్ళు చిట్లించే పని లేదు, వెనక సముద్రం నీలంగా వస్తుంది. నవంబరులో 5:40కే అస్తమయం, జూలైలో 6:39. అక్కడే ఉన్న కార్ల్ ష్మిత్ స్మారకం పక్కన నిలబడితే, ఆ తెల్లగోడ చూసి ఫోను మొత్తం ఫొటోని నల్లబరుస్తుంది. తెరమీద ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపండి.

దిక్కులు గుర్తుండకపోతే పిడికిలి బిగించి ముఖానికెదురుగా పట్టుకుని, నిలబడ్డచోటే ఒక చుట్టు తిరగండి. వేళ్ళ సందుల్లో నీడలు ఎక్కడ మెత్తబడితే అక్కడ ఆగి, పిడికిలి ఉన్న వైపున వాళ్ళని మీకెదురుగా నిలబెట్టండి.

ఇక నన్ను నిజంగా బాధపెట్టేది నీటిగీత. సముద్రం, ఆకాశం కలిసే ఆ గీత సరిగ్గా అమ్మ మెడ మీదుగా, నాన్న చెవుల మీదుగా కత్తితో కోసినట్టు పోతుంది. పంపిన ఫొటోల్లో ఎక్కువభాగం ఇలాగే ఉన్నాయి. ‘కొంచెం వెనక్కి జరిగి తీశానండీ, అయినా పోలేదు’ అని ఒకరు రాశారు. పోదు. వెనక్కి జరిగినా ముందుకొచ్చినా పోదు. మీ ఫోను నేలమీంచి ఎంత ఎత్తులో ఉందో, చదునైన ఇసుకలో ఎదుటివాళ్ళ ఒంటిమీద అంత ఎత్తులోనే ఆ గీత పడుతుంది. కళ్ళ దగ్గర పట్టుకుని తీస్తే మీ అంత పొడుగున్నవాళ్ళ కళ్ళ మీద, కాస్త పొట్టివాళ్ళ నుదుటి మీద, పొడుగువాళ్ళ మెడ మీద పడుతుంది. పదడుగుల దూరంలోనైనా, ముప్ఫై అడుగుల దూరంలోనైనా అంతే.

అందుకని మోకాలి మీద కూర్చోండి. ఫోను మీ నడుమంత ఎత్తుకి దిగితే గీత వాళ్ళ నడుము దగ్గరికి దిగుతుంది, తలలన్నీ ఆకాశంలోకి వస్తాయి. చంటిపిల్లలుంటే ఎత్తుకోమనండి, లేకపోతే గీత వాళ్ళ మెడకి తగులుతుంది. రెండో దారి వాలు. అలల దగ్గర ఇసుక కిందికి వాలి ఉంటుంది. వాళ్ళని తడి ఇసుక దాకా దింపి మీరు పైన నిలబడితే గీత తలలపైకి వెళ్ళిపోతుంది. ఈ రెండిట్లో ఏదైనా సరే. మెడ మీద మాత్రం వద్దు. తర్వాత ఫోనులో దిద్దుదామనుకోకండి, వంకరగీతని తిన్నగా చేయొచ్చు గానీ మెడ మీదున్నదాన్ని దింపలేరు.

గాలి గురించి ఒక మాట. ఎండాకాలం మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి ఊళ్ళోకి వీస్తుంది. సాయంత్రం వీపు సముద్రానికి పెట్టారంటే జుట్టంతా ముఖం మీదికి, పైట ముందుకి. జడ వేసుకుని, పైట పిన్ను పెట్టుకుని వెళ్ళండి. తెల్లవారుజామున తరచుగా నేలమీంచి వీస్తుంది, అదీ మెత్తగా.

మెరీనా ఎంచుకుంటే రోడ్డు నుంచి నీళ్ళదాకా నడక మరిచిపోకండి. హార్బరు కట్టాక ఉత్తరానికి సాగే ఇసుక ఆగిపోయి ఇక్కడ అంత వెడల్పైంది. అమ్మమ్మ నడిచేసరికి వెలుతురు అయిపోతుంది. చక్రాల కుర్చీలకోసం 2022లో చెక్కదారి వేశారు, దాన్ని వాడుకోండి.

బట్టలంటారా? అందరికీ తెల్లచొక్కా, నీలం జీన్స్ వద్దు. పెద్ద జరీ అంచు ఎండలో తెల్లటి మచ్చ అవుతుంది, నేతచీర మేలు. మిగతాది వచ్చే పాఠంలో.

అభ్యాసం: కుటుంబాన్ని తీసుకెళ్ళకండి. ఓపికున్న ఒక్కరినే వెంటబెట్టుకుని ఒకే రోజు రెండుసార్లు వెళ్ళండి, సూర్యోదయానికి ఒకసారి, అస్తమయానికి ఒకసారి. నిలబడ్డచోటే వాళ్ళని ఎనిమిది దిక్కులకీ తిప్పండి. మీరూ వాళ్ళ చుట్టూ తిరిగి ప్రతిసారీ ముఖానికెదురుగా రండి. ప్రతి దిక్కుకీ ఫోను కళ్ళ ఎత్తులో ఒకటి, నడుము ఎత్తులో ఒకటి. పదహారు, పదహారు ముప్ఫై రెండు ఫొటోలు. ఒక్కటీ చెరపకుండా, తీసిన వరసలోనే నాకు పంపండి.