గేట్లు మూసి ఉన్నాయని నాగార్జునసాగర్ దిగువన కృష్ణలోకి దిగకండి

గేట్లు ఎత్తిన వారంలో నదిలోకి ఎవరూ దిగరు. ఆ హోరుకే మనిషి వెనక్కి జరుగుతాడు. నా టెన్షన్ అంతా గేట్లు దించాక వచ్చే ఆదివారాల గురించే. బండలు తేలతాయి, మధ్యలో మడుగులు తేటగా కనిపిస్తాయి, బిర్యానీ గిన్నెలతో కుటుంబాలు దిగిపోతాయి. వద్దంటే, "26 గేట్లూ మూసే ఉన్నాయి కదన్నా" అంటారు.

నీళ్లు రావడానికి గేట్లే అక్కర్లేదు. డ్యామ్ ప్రధాన పవర్ హౌస్‌లో కరెంటు తీసే యంత్రాలు, అంటే యూనిట్లు, 8 ఉన్నాయి, మొత్తం 815 మెగావాట్లు. టర్బైన్లు తిప్పిన నీళ్లూ ఈ నదిలోకే వస్తాయి. అన్నీ నడిస్తే దాదాపు 30 వేల క్యూసెక్కులు. వానతో పని లేదు. సాయంత్రం ఊళ్లలో లైట్లు వెలిగేసరికి గ్రిడ్ కరెంటు అడుగుతుంది, నిమిషాల్లో యూనిట్ తిరుగుతుంది.

కరెంటు వాడకం తగ్గినా ముప్పే. 2014 జూన్ 8న హిమాచల్‌లోని లార్జి డ్యామ్ దగ్గర కరెంటు ఉత్పత్తి తగ్గించి, మిగిలిన నీటిని గేట్ల నుంచి వదిలారు. దిగువన బియాస్ నది బండల మీదున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. నది పలచగా ఉందనే వాళ్లూ దిగారు.

కట్ట దిగువ ఊళ్లవాళ్లకూ ఒక మాట. సాగర్‌కు మధ్యలో రాతికట్టడం, రెండు పక్కలా మట్టికట్ట. కట్టకు పేర్చిన రాళ్లు పీకకండి, అలల కోతను ఆపేవి అవే. కట్ట దిగువన ఊట తేటగా ఉంటే అంత కంగారు లేదు. బురదరంగు తిరిగితే వెంటనే ఇరిగేషన్ వాళ్లకు చెప్పండి, లోపల మట్టి కదులుతున్నట్టే. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే ఇక నిలవదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు అలాగే తెగింది. ఊరు ఖాళీ చేయమంటే రాత్రయినా కదలండి, గేదెల తాళ్లు విప్పేసి వెళ్లండి.

ఇక నది సంగతి. గేట్లు చూసి దిగొద్దు. బండ మీద మీ తలకంటే ఎత్తులో తడి గీత ఉందా? నీళ్లు ఇందాక అక్కడిదాకా వచ్చాయని అర్థం. సైరన్ కోసం ఎదురుచూడొద్దు. నది మధ్య బండ ఎక్కొద్దు, ముందు మునిగేది వెనక్కి వచ్చే దారే. మందు తాగి అసలే వద్దు. పుల్లలు, నురగ తేలుతూ వస్తే ఫొటో ఆపి గట్టెక్కండి. గేట్లు మూసే ఉన్నా సరే, ఎక్కండి. చెప్పు కొట్టుకుపోతే పోనీండి. ఫోన్ పోయినా పోనీండి. మునుగుతున్నవాడి వెనక దూకొద్దు, తాడో చీరో విసరండి.